మన పిడికెడు బియ్యం, ఆఫ్రికా బిడ్డ చేతికి పనిముట్టు



ఆఫ్రికాలో నిరుపేద యువతీ యువకుల కోసం ఒక వృత్తి శిక్షణ కేంద్రం కట్టాలి, మీ సంఘం కూడా ఒక చెయ్యి వేయాలి అనే విజ్ఞప్తి అప్పుడప్పుడు మన సంఘాలకూ వస్తుంటుంది. కొన్నిసార్లు అది సంఘ శాఖల పెద్దల ద్వారా వస్తుంది. కొన్నిసార్లు ఆఫ్రికా దేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు విశ్వాసులే రాస్తారు. ఆరాధన తర్వాత ప్రకటనల్లో ఆ మాట చదివితే చాలు, ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఏ సంఘంలోనైనా ఒకే ప్రశ్న లేస్తుంది. "అయ్యగారూ, మన పిల్లోళ్లే సుగ్గికి పోతా ఉంటే, యాడనో ఉండే ఆఫ్రికాకు మనం చందా ఇచ్చేదేంది?"

ఈ ప్రశ్నను విశ్వాసలోపం అని కొట్టిపారేయకూడదు. అందులో నిజం ఉంది. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు మండలాల్లో వాన ముఖం చాటేసిన ఏడాది వీధులకు వీధులే ఖాళీ అవుతాయి. గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి తీతకు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని బండ్లెక్కుతాయి. కొందరు కట్టడాల పనికి బెంగళూరు పోతారు. తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోతారు, బడి ఆగిపోతుంది. ఇంటి దగ్గర ముసలివాళ్లు మిగులుతారు. ఆ నెలల్లో ఆదివారం ఆరాధనకు వస్తే మందిరంలో సగం చాపలు ఖాళీగా కనిపిస్తాయి. ఖాళీ చాపల మధ్య నిలబడి, పరాయి ఖండం కోసం కానుక పళ్లెం తిప్పడం ఏ కాపరికీ తేలిక కాదు.

అయినా ఇవ్వాలనే నేను చెబుతాను. చేతిలో పని లేనివాడి బాధ ఏమిటో తెలిసిన సంఘమే, చేతికి పని నేర్పే కానుకను సరిగ్గా ఇవ్వగలదు. అయితే దేనికి ఇస్తున్నాం, ఎలా ఇస్తున్నాం, మన ఇంటి బిడ్డను మరచిపోకుండా ఎలా ఇవ్వాలి అన్నది వాక్యపు వెలుగులో ఆలోచించుకోవాలి.

పేదరికంలో నుంచి పొంగిన కానుక

కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8, 9 అధ్యాయాలు చదవండి. కరవుతో, కష్టాలతో ఉన్న యెరూషలేములోని పరిశుద్ధుల కోసం అపొస్తలుడైన పౌలు సంఘాల్లో చందా కూడగడుతున్నాడు. అక్కడ ఆయన ఆదర్శంగా చూపింది ధనవంతుల సంఘాన్ని కాదు, మాసిదోనియ సంఘాలను. వాళ్లు శ్రమల్లో ఉన్నవాళ్లు, నిరుపేదలు. పౌలు వాళ్లను బలవంతపెట్టలేదు. ఈ సహాయంలో మాకూ పాలు ఇవ్వండని వాళ్లే ఆయనను బతిమాలారు (8:1-4). ఇచ్చే అవకాశాన్ని వాళ్లు భారంగా కాక కృపగా ఎంచారు.

అంతకు ముందే అంతియొకయ సంఘం ఇలాంటి పని చేసింది. కరవు రాబోతోందని అగబు అనే ప్రవక్త చెప్పగానే, అక్కడి శిష్యులు ఎవరి శక్తికొద్దీ వారు సొమ్ము వేసి బర్నబా, సౌలుల చేతికిచ్చి యూదయకు పంపారు (అపొ. కార్యములు 11:27-30). ఆ అంతియొకయలో గ్రీకువారికి మొదట సువార్త చెప్పింది ఎవరు? కుప్ర నుంచి, కురేనే నుంచి వచ్చినవాళ్లు (11:20). కురేనే ఎక్కడుంది? ఈనాటి లిబియాలో, అంటే ఆఫ్రికా ఖండంలో. మన ప్రభువు సిలువను మోసిన సీమోను ఊరు కూడా అదే. పసివాడైన యేసును హేరోదు కత్తి నుంచి కాపాడి దాచుకున్న ఐగుప్తు కూడా ఆఫ్రికాయే. దూర సంఘానికి చందా పంపిన ఆ మొదటి సంఘం పునాదిలో ఆఫ్రికా మనిషి చెయ్యి ఉంది. కాబట్టి ఆఫ్రికాకు ఇవ్వడమంటే పరాయివాడికి భిక్ష వేయడమని ఎవరూ తలచవద్దు. పాత బాకీలో కొంచెం తీర్చుకుంటున్నాం, అంతే.

తెలుగు సంఘం ఆఫ్రికా కోసం ఇచ్చిన రోజు

"పౌలు కాలం సంగతి వేరు, మనలాంటివాళ్లు ఎప్పుడైనా ఆఫ్రికాకు ఇచ్చారా?" అని ఎవరైనా అడగవచ్చు. ఇచ్చారు. అది మన చరిత్రలోనే ఉంది.

1876-78 మధ్య వచ్చిన ధాత కరవు మద్రాసు రాష్ట్రాన్ని పీల్చి పిప్పి చేసింది. బళ్లారి, కర్నూలు జిల్లాలు ఆ కరవుకు బాగా బలయ్యాయి. మన ఆదోని అప్పట్లో బళ్లారి జిల్లాలోనిది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే అది కర్నూలు జిల్లాలో కలిసింది. అటు ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆకలితో ఉన్నవారికి ఊరికే గంజి పోయడంతో ఆగలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. కరవు తీరుతున్న సమయంలో 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది భూమి లేని మాదిగ కుటుంబాలవారు, గుడిసెల్లో బతికినవారు.

సరిగ్గా పాతికేళ్లు గడిచాయి. మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఓడల మీద కూలీలు పోతున్న కాలం అది. 1860 నవంబరులో మొదటి ఓడ డర్బన్ చేరింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా అక్కడికి వెళ్లారు. వారిలో మన తెలుగువారు ఎంతోమంది. చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో ఏళ్ల తరబడి పని. ఒక రకంగా అదీ సుగ్గే, కాకపోతే సముద్రం దాటిన సుగ్గి. వారిలోని తెలుగు విశ్వాసులు మాకొక కాపరిని పంపండని స్వదేశంలోని సంఘాన్ని వేడుకున్నారు. తెలుగు బాప్టిస్టుల హోం మిషన్ సొసైటీ 1903లో జాన్ రంగయ్య గారిని కుటుంబంతో సహా నేటాల్‌కు పంపింది. ఆ ఏడాది డిసెంబరు 27న కెర్స్నీ అనే చోట తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. ఆయన 1915లో కన్నుమూసేదాకా ఆ తోటల మధ్యనే పరిచర్య చేశారు.

పాతికేళ్ల క్రితం కరవు కూలితో బతికిన జనం, ఒక తరం తిరిగేసరికి ఆఫ్రికాకు సేవకుణ్ణి పంపే సంఘమైంది. ఇచ్చేవాళ్లు కావడానికి వాళ్లు ధనవంతులయ్యేదాకా ఆగలేదు.

ఆఫ్రికా చెయ్యి చాచి కూర్చోలేదు

ఇంకొక మాట కూడా తెలుసుకోవాలి. ఆఫ్రికా అనగానే ఎండిన డొక్కలు, చాచిన చేతులు మాత్రమే మన కళ్లకు కడితే అది అన్యాయం.

దక్షిణాఫ్రికాలో లవ్‌డేల్ అనే చోట స్కాట్లండ్ మిషనరీలు నడిపిన విద్యాలయం ఉండేది. చదువుతో పాటు వడ్రంగం, కమ్మరం, బండ్ల తయారీ, ముద్రణ, పుస్తకాల బైండింగు నేర్పేవారు. 1870లలో ట్రాన్స్‌కై ప్రాంతంలోని ఫింగో ప్రజలు దాని అధిపతి జేమ్స్ స్టూవర్ట్ దగ్గరికి వచ్చి, మా దగ్గర కూడా అలాంటిదొకటి పెట్టమని అడిగారు. మీరు 1,000 పౌన్లు కూడగడితే, అంత సొమ్ము స్కాట్లండ్ నుంచి నేను తెప్పిస్తానన్నాడాయన. పశువుల కాపరులు, చిన్న రైతులైన ఆ జనం బహిరంగ సభలో బల్ల మీద వెండి నాణేలు కుప్ప పోశారు. లెక్కబెడితే అడిగినదానికంటే ఎక్కువే ఉంది. రాళ్లు ఇవిగో, ఇక కట్టడమే తరువాయి అన్న భావంతో వారిలో ఒకరు ఆ కుప్పను చూపించారట. అంతటితో ఆగలేదు. మూడు విడతల్లో వాళ్లు ఇచ్చింది దాదాపు 4,500 పౌన్లు. అలా లేచిన బ్లైత్స్‌వుడ్ విద్యాలయం 1877లో తెరుచుకుంది.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, శిక్షణ కేంద్రం కావాలని అడిగింది అక్కడి ప్రజలే. రెండు, మొదటి కానుక వేసింది కూడా వాళ్లే. బయటి సొమ్ము వాళ్ల సొమ్ముకు తోడు నిలిచింది. ఈనాడు మన ముందుకు వచ్చే ఏ విజ్ఞప్తినైనా ఈ కొలతతో కొలవవచ్చు.

ఈనాటి అవసరం కూడా చిన్నది కాదు. ఆఫ్రికా ఖండంలో సగం జనాభా ఇరవై ఏళ్ల లోపువారే. ఏటా కోటి నుంచి కోటి ఇరవై లక్షల మంది యువత పని కోసం బయటికి వస్తుంటే, స్థిరమైన ఉద్యోగాలు 30 లక్షలకు మించి పుట్టడం లేదని ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు చెబుతోంది. మిగిలినవాళ్లు ఏం చేయాలి? చేతి పని తెలిసినవాడు తన బతుకు తాను కట్టుకుంటాడు. తెలియనివాడు ఊరు విడుస్తాడు. ఆ రెండో మాట మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

బెసలేలుకు దేవుడిచ్చిన వరం

చేతి పని నేర్పడం సంఘం చేయవలసిన పనేనా, ఆత్మలకు సువార్త చెబితే చాలదా అని కొందరు అడుగుతారు. నిర్గమకాండము 35వ అధ్యాయం తెరవండి. దేవుడు తన ఆత్మతో బెసలేలును నింపాడని అక్కడ చదువుతాం. ఎందుకు నింపాడు? ప్రసంగించడానికి కాదు. బంగారం, వెండి, ఇత్తడి పనికి, రాళ్లు పొదగడానికి, కర్ర చెక్కడానికి. అంతకంటే ముఖ్యమైన సంగతి 34వ వచనంలో ఉంది. అతనికీ, అతని తోడివాడైన అహోలీయాబుకూ దేవుడు ఇతరులకు నేర్పే బుద్ధి కూడా పుట్టించాడు. అంటే వృత్తి నేర్పే గురువు కూడా ఆత్మ వరం పొందినవాడే.

మన ప్రభువును ఆయన ఊరివారు వడ్లవాడిగానే ఎరుగుదురు (మార్కు 6:3). పౌలు డేరాలు కుట్టి బతికాడు, అకుల ప్రిస్కిల్లలు ఆయన తోటి పనివారు (అపొ. కార్యములు 18:2-3). దొర్కా చనిపోతే విధవరాండ్రు ఏడుస్తూ చూపించింది ఆమె కుట్టిన బట్టలనే (9:39). ఎఫెసీయులకు రాస్తూ పౌలు చెప్పిన క్రమం చూడండి. దొంగిలినవాడు ఇక దొంగిలక తన చేతులతో కష్టపడాలి, అక్కరగలవానికి పంచి పెట్టడానికి తన దగ్గర ఏదైనా ఉండేలా పని చేయాలి (4:28). పుచ్చుకునే చెయ్యి పనిచేసే చెయ్యి కావాలి, పనిచేసే చెయ్యి ఇచ్చే చెయ్యి కావాలి. వృత్తి శిక్షణ కేంద్రం ఉండవలసింది ఈ మూడో మెట్టు కోసమే.

మన ప్రాంతంలో పాత బడులకు, పాత బంగళాలకు మంగళూరు పెంకుల కప్పు చూసే ఉంటారు. ఆ పెంకుల పరిశ్రమను 1865లో మంగళూరులో మొదలుపెట్టింది బాసెల్ మిషన్. బాప్తిస్మం తీసుకున్నందుకు ఇంటినీ, కులవృత్తినీ పోగొట్టుకున్నవారికి పని చూపడానికే వాళ్లు నేతశాలలు, పెంకుల కర్మాగారాలు పెట్టారు. అదే బాసెల్ మిషన్ ఆ కాలంలోనే పశ్చిమాఫ్రికాలోని గోల్డ్ కోస్టులో, అంటే ఈనాటి ఘనాలో, వడ్రంగం, కమ్మరం నేర్పే పనిశాలలు నడిపింది. ఒకే సువార్త ఇటు అరేబియా సముద్రపు ఒడ్డున, అటు అట్లాంటిక్ ఒడ్డున పనిముట్టు పట్టించింది.

ఎమ్మిగనూరు నేర్పిన పాఠం

పని నేర్పితే చాలు, బతుకు బాగుపడుతుందని అనుకోవడం కూడా తొందరపాటే. ఇందుకు మన ఎమ్మిగనూరే సాక్షి.

ఎమ్మిగనూరు నేతగాళ్లకు మగ్గం పని ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. అది వారికి తరతరాలుగా వచ్చిన విద్య. అయినా అప్పుల్లో మగ్గిపోయారు. కారణం, నూలు కొనే సొమ్ము వారిది కాదు, నేసిన బట్ట అమ్మే సంతా వారి చేతిలో లేదు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘాన్ని స్థాపించి నూలు ఇప్పించడం, బట్ట అమ్మిపెట్టడం ఒక కప్పు కిందికి తెచ్చారు. ఎమ్మిగనూరు దుప్పట్ల పేరు దేశమంతా పాకింది. ప్రభుత్వం 1954లో ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. ఆయన మన సంఘస్థుడు కాకపోయినా, మన కళ్లెదుట ఉన్న ఈ పాఠాన్ని మనం కృతజ్ఞతతో నేర్చుకోవాలి. విద్య ఒక్కటే చాలదు, దానికి సరుకు కావాలి, సంత కావాలి.

ఆదోనికి రెండో బొంబాయి అన్న పేరు తెచ్చింది పత్తి. అదే ఆదోనిలో పత్తి బోరాలు మోసే హమాలీ కూలి ఎంత, జిన్నింగు మిల్లులో మోటారు బాగుచేసే మెకానిక్కు సంపాదన ఎంత అని ఒక్కసారి పోల్చి చూడండి. ఇద్దరూ కష్టపడేది ఆ పత్తి దగ్గరే. తేడా అంతా ఎప్పుడో కొన్ని నెలలు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిన ఒక మనిషిలో ఉంది.

ఇచ్చే ముందు అడగవలసిన మాటలు

కాబట్టి ఆఫ్రికాలో శిక్షణ కేంద్రం కోసం విజ్ఞప్తి వచ్చినప్పుడు సంఘ కమిటీ మొహమాటపడకుండా కొన్ని మాటలు అడగాలి.

ఆ స్థలం ఎవరి పేరు మీద ఉంది? అక్కడి సంఘం పేరు మీదా, ఒక వ్యక్తి పేరు మీదా? అక్కడివారు తమ వంతుగా ఏం ఇస్తున్నారు? సొమ్మే కానక్కర్లేదు, స్థలం, ఇటుక, శ్రమదానం ఏదైనా కావచ్చు. కేంద్రం తెరిచాక గురువుల జీతాలు, కరెంటు బిల్లు ఎవరు కడతారు? ఏయే పనులు నేర్పుతారు, ఆ పనులకు ఆ ఊళ్లో గిరాకీ ఉందా? నేర్చుకున్నవాళ్లు వెళ్లేటప్పుడు వాళ్ల చేతికి కుట్టుమిషనో, పనిముట్ల పెట్టో ఇచ్చే ఏర్పాటు ఉందా? చంటిబిడ్డల తల్లులు కూడా వచ్చి నేర్చుకోవడానికి వీలుందా?

భవనానికి చందా తేలికగా పుడుతుంది. శిలాఫలకం మీద పేరు పడుతుంది, ప్రారంభోత్సవం జరుగుతుంది. గురువు జీతానికి, మిషను మరమ్మతుకు అడిగితే చేతులు ముడుచుకుంటాయి. తాళం వేసిన భవనాలు, తుప్పు పట్టిన యంత్రాలు మన దేశంలోనూ చూశాం. గోడ కంటే గురువు ముఖ్యం, గురువు తర్వాత పనిముట్టు. మీ సంఘం ఇచ్చేది కొంచెమే అయితే, దాన్ని పనిముట్లకో, ఒక విద్యార్థి భోజన ఖర్చుకో ఉద్దేశించి ఇవ్వండి. ఆ ఉద్దేశం రాతపూర్వకంగా పెట్టండి.

ఇంకొకటి కూడా ఆలోచించాలి. విదేశీ సహాయం కోసం ఫొటోలు దిగిన అనుభవం మన రాయలసీమ సంఘాలకు కొత్త కాదు. చిరిగిన చొక్కాతో నిలబడితేనే ఫొటో బాగుంటుందని మన పిల్లలకు చెప్పిన రోజులూ ఉన్నాయి. ఆ బిడ్డ మనసు ఎలా చిన్నబోతుందో మనకు తెలుసు. ఆఫ్రికా బిడ్డకు మనం ఆ పని చేయవద్దు. చందా అడిగే కరపత్రం మీద ఆకలి ముఖం అచ్చు వేయనక్కర్లేదు. రంపం పట్టుకున్న చెయ్యి, కుట్టుమిషను ముందు కూర్చున్న తల్లి చాలు. ఇచ్చేవాడి గుండె కరిగించడానికి పుచ్చుకునేవాడి పరువు తీయడం సువార్త పద్ధతి కాదు.

దేవుని ఎదుట, మనుషుల ఎదుట లెక్క

గుడారపు పని కోసం ప్రజలు తెచ్చిన కానుకలు సరిపోయి మిగిలాయి. అప్పుడు మోషే ఇక తేవద్దని పాళెమంతా చాటించాడు (నిర్గమ. 36:5-7). చాలు అని చెప్పగలిగిన నాయకుడి మీద జనానికి నమ్మకం ఉంటుంది. తర్వాత 38వ అధ్యాయంలో బంగారం ఎంత, వెండి ఎంత, ఇత్తడి ఎంత, ఏది దేనికి వాడారు అని తూకంతో సహా లెక్క రాసిపెట్టారు. మనం గబగబా దాటేసే ఆ వచనాలు నిజానికి ఒక సంఘపు ఆడిట్ రిపోర్టు.

పౌలు కూడా చందా సొమ్మును ఒంటరిగా మోసుకుపోలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరులను వెంట తీసుకువెళ్లాడు. ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా నిందకు చోటు ఉండకూడదని ఆయన పట్టుదల (2 కొరింథీ. 8:18-21).

మన కాలంలో దీనికి చట్టం కూడా తోడైంది. విదేశాల నుంచి వచ్చే సొమ్ముకు ఒక చట్టం, విదేశాలకు పంపే సొమ్ముకు మరొక చట్టం ఉన్నాయి. ఒక వ్యక్తి తన సొంత సొమ్ములో నుంచి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు బ్యాంకు ద్వారా విదేశాలకు కానుకగా పంపుకునే వీలు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. సంఘాలకు, ట్రస్టులకు నిబంధనలు వేరు. దేశం వెలుపల ఖర్చుపెట్టే సొమ్ముకు ప్రత్యేక అనుమతి లేకపోతే ఆదాయపు పన్ను మినహాయింపు కూడా వర్తించదు. కాబట్టి పాస్టరు తన సొంత ఖాతాలో చందాలు వేసుకుని పంపే పని ఎన్నడూ చేయకూడదు. సంఘ శాఖ కేంద్ర కార్యాలయం ద్వారా, ఆడిటరును, బ్యాంకును అడిగి తెలుసుకున్న తర్వాతే పంపాలి. వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో ముక్కూ ముఖం తెలియనివారు పంపే విజ్ఞప్తులకు సొమ్ము వేయడం దాతృత్వం అనిపించుకోదు. కురేనే సీమోను దేశస్థులమని రాసినా సరే, విచారించిన తర్వాతే నమ్మాలి.

జత కానుక

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. మన పిల్లలు సుగ్గికి పోతుంటే ఆఫ్రికాకు ఎందుకు?

పౌలు ఇచ్చిన జవాబు ఒకే మాటలో ఉంది: సమానత్వం. ఇతరులకు తేలిక కావాలని మీకు భారం కలిగించడం నా ఉద్దేశం కాదు, ఇప్పుడు మీకున్నది వారి కొరత తీరుస్తుంది, మరొకప్పుడు వారికున్నది మీ కొరత తీరుస్తుంది అని ఆయన వివరించాడు (2 కొరింథీ. 8:13-14). లేనిదాన్ని బట్టి కాక, ఉన్నదాన్ని బట్టి ఇచ్చేదే దేవునికి ప్రీతికరమని కూడా చెప్పాడు (8:12). ఈ మాటల వెలుగులో మన సంఘాల ముందు ఒక చిన్న ప్రతిపాదన ఉంచుతున్నాను. దాన్ని జత కానుక అని పిలుచుకుందాం. ఆఫ్రికా శిక్షణ కేంద్రం కోసం ఎంత కూడితే, అందులో సరిగ్గా సగం అక్కడికి, సగం మన సంఘంలోనే చదువు ఆగిపోయిన ఒక అబ్బాయినో అమ్మాయినో ఐటీఐలో చేర్చడానికో, కుట్టు పని, మోటారు వైండింగు నేర్పించడానికో. రెండూ ఒకే పళ్లెంలో పడాలి, రెంటి లెక్కా ఒకే రోజు సంఘం ముందు చదవాలి.

ఇది పెద్ద సొమ్ము కాదు. 60 కుటుంబాల సంఘంలో కుటుంబానికి వారానికి 10 రూపాయలు వేస్తే వారానికి 600, ఏడాదికి 31,200 రూపాయలు. అలాంటి 20 సంఘాలు కలిస్తే 6,24,000. అందులో సగం, అంటే 3,12,000 రూపాయలు ఒక పనిశాలకు పనిముట్లు సమకూర్చడంలో గట్టి చేయూత. మిగిలిన సగం మన పల్లెల్లో ఎంతోమంది పిల్లలను కూలి బండి ఎక్కకుండా ఆపగలదు. ఆదివారం ఆదివారం ఎవరి రాబడికొద్దీ వారు కొంత తీసి దగ్గర పెట్టుకోవాలని పౌలు నేర్పిన పద్ధతి ఇదే (1 కొరింథీ. 16:2).

నోటు లేనివారికి పిడికెడు బియ్యం ఉంది. దోర్నకల్ బిషప్ అజరయ్య గారి కాలంలో ఆ ప్రాంతపు పల్లె స్త్రీలు పూట పూటకూ ఎసట్లో పోసే బియ్యంలో నుంచి పిడికెడు తీసి దేవుని కోసం దాచేవారు. క్రైస్తవుల ఈవిని గురించి ఆ బిషప్ ఒక పుస్తకమే రాశారు. ఈశాన్యంలోని మిజోరం సంఘాల్లో 1910లో మొదలైన పిడికెడు బియ్యం కానుక ఈనాటికీ ఆగలేదు. ఆ పిడికిళ్లే ఏటా కోట్ల రూపాయలై వారి సువార్త పరిచర్యను మోస్తున్నాయి. మన ఇళ్లలో బియ్యమైతే బియ్యం, జొన్నలైతే జొన్నలు. సుగ్గికి వెళ్లిన కుటుంబం తిరిగి వచ్చాక, తాము తెచ్చిన మిరపకాయల్లో నుంచి ఒక దోసెడు మందిరానికి తెస్తే, అది మాసిదోనియ కానుక కంటే ఏం తక్కువ?

ఇలా చేస్తే మన పిల్లలకు అన్యాయం జరుగుతుందని నేను నమ్మను. దూరాన ఉన్న బిడ్డ చేతికి పని కావాలని ప్రార్థించే సంఘం, దగ్గరి బిడ్డ సుగ్గి మూట కట్టుకుంటుంటే చూస్తూ ఊరుకోలేదు. ఒకరి కోసం తెరిచిన కళ్లు ఇద్దరినీ చూస్తాయి. దూరానికి ఇవ్వనివాళ్లు దగ్గరివారికి ఇస్తారనుకోవడం తరచూ మాటవరసకే మిగిలిపోతుంది. ఆఫ్రికాకు వద్దన్న రోజున ఆ పది రూపాయలు మన ఊరి బిడ్డ ఐటీఐ ఫీజుకు వెళ్లాయా అని ఎవరి మనస్సాక్షిని వారు అడగాలి.

నేటాల్ చెరకు తోటల్లోని తెలుగు కూలీలు కాపరి కోసం ఎదురుచూసినట్టు, ఈనాడు ఎక్కడో ఒక ఆఫ్రికా పల్లెలో ఒక యువకుడు పని నేర్పే మనిషి కోసం ఎదురుచూస్తున్నాడు. కౌతాళంలో ఒకమ్మాయి కూడా ఎదురుచూస్తోంది. వచ్చే ఆదివారం మీ సంఘంలో ఈ ఇద్దరి కోసం కలిపి ప్రార్థన చేయండి. తర్వాత పళ్లెం తిప్పండి. ఎంత పడిందో గట్టిగా చదివి, పుస్తకంలో రాసి, పెద్దల సంతకాలు తీసుకోండి.

బెసలేలు చేతులకు నేర్పు ఇచ్చిన దేవుడు, మన పిడికిళ్లను తెరిపించి, వారి చేతులకు బలమిచ్చును గాక. ఆమేన్.